తిరుమల వాకిట కృష్ణరాయలు

తిరుమల శ్రీవారి ఆలయ మహాద్వారం దాటిన వెంటనే కుడిచేతి పక్కన ఒక మంటపం ఉన్నది. దానిని ప్రతిమా మంటపమనీ, కృష్ణరాయ మంటపమనీ పిలుస్తారు. అందులో ముగ్గురు చేతులు జోడించి స్వామివైపు తిరిగి నిలిచి ఉంటారు. నడుమ శ్రీకృష్ణదేవరాయలు, ఇరుపక్కల ఆయన దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి. గంటల తరబడి వరుసలో నిలిచి, ఎప్పుడు వెండివాకిలి దాటుదుమా, ఎప్పుడు బంగారువాకిలి చేరుదుమా అనే ఆత్రుతతో కదిలే యాత్రికుల చూపు అటు పడటం అరుదు. పడినవారు కూడా ఎవరో ద్వారపాలకులనుకొని ముందుకు సాగిపోతారు.

దక్షిణ భారతంలో ఒక చక్రవర్తి కోసం నిలిపిన ప్రతిమలలో ఇంత ప్రసిద్ధమైనవి, ఇన్ని లక్షల మంది పక్కగా నడిచిపోయేవి మరి లేవనవచ్చు. ఆ రాజు ఏలిన నేల నేడు నాలుగైదు రాష్ట్రాలుగా విడిపోయింది. ఆయన రాజధాని కర్ణాటకలో ఉన్నది. ఆయన ఎత్తించిన గోపురాలు తమిళనాడులోని తిరువణ్ణామలైలో, చిదంబరంలో, కాంచీపురంలో ఉన్నాయి. ఆయన జయస్తంభం నాటించిన చోటు ఒడిశా సరిహద్దుకు చేరువైన ఉత్తరాంధ్రలో ఉన్నది. ఆయన రూపం మాత్రం తిరుమల వాకిట నిలిచి ఉన్నది. సరిహద్దులకు ఇటూ అటూ నివసించే తెలుగు కుటుంబాలకు ఈ రాజు ఎవరివాడన్న ప్రశ్న పుస్తకాలలో చదివే ప్రశ్న కాదు. ఊరి బడిలో, సంతలో, పెళ్లి విందులో ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న. దానికి ఈ ప్రతిమలు తమదైన ఒక సమాధానం ఇస్తున్నాయి.

ప్రతిమల తీరు

ఇవి రాతి శిల్పాలు కావు. రాగితో చేసినవి, దాదాపు నిలువెత్తు మనిషి ప్రమాణంలో ఉన్నవి. పేర్లు ప్రతిమలపైనే చెక్కి ఉండటం వలన ఎవరివన్న వివాదానికి తావు లేకుండా పోయింది. రాజు మొలకు కుచ్చెళ్లు తీర్చిన పంచె, మెడలో హారాలు, చేతులకు కంకణాలు, చెవులకు కుండలాలు ఉన్నాయి. పైవస్త్రం లేదు. దేవుని ముందర ఉత్తరీయం తీసి నిలిచే ఆచారానికి చక్రవర్తి కూడా అతీతుడు కాడు. రాణులు జుట్టును కొప్పుగా ముడిచి, నగలు ధరించి, రాజుతో సమానంగా చేతులు జోడించి ఉన్నారు. వారి ముఖాలలో గర్వం గాని, దైన్యం గాని కనిపించవు.

రాజు తలపై కిరీటం లేదన్నది మొదట గమనించదగిన విషయం. పొడవుగా, శంఖువులా పైకి సన్నగిల్లే టోపీ ఉన్నది. దీనినే కుళ్లాయి అంటారు. ఈ మాట పారసీకం నుంచి వచ్చింది. విజయనగర ప్రభువులు సుల్తానులతో యుద్ధాలు చేస్తూనే వారి కొలువులలోని దుస్తులను తమ కొలువులోకి తెచ్చుకున్నారు. కుళ్లాయి, దానితోపాటు కబాయి అనే పొడవాటి అంగీ విజయనగర సభామర్యాదలో భాగమయ్యాయి. తిరుమల ప్రతిమలో రాజు కబాయిని విడిచాడు గాని కుళ్లాయిని ఉంచుకున్నాడు. 1521లో రాయలు స్వామికి సమర్పించిన కానుకలలో నవరత్నాలు పొదిగిన పీతాంబరంతోపాటు రత్నాల కుళ్లాయి కూడా ఒకటి. తాను ధరించే తలపాగా వంటిదే దేవునికీ చేయించాడన్న మాట. మతాల పేరిట ఆ కాలాన్ని రెండు ముక్కలుగా కోసి చూపేవారు ఈ టోపీని కాస్త ఆగి చూడవలసి ఉంటుంది.

ముఖం సంగతి వేరు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయలను స్వయంగా చూసి వర్ణించాడు. మధ్యరకం ఎత్తు, చామనఛాయ కన్న తేలికైన రంగు, సన్నం కన్న కాస్త లావుకు దగ్గరైన ఒళ్లు, ముఖాన స్ఫోటకపు మచ్చలు ఉన్నాయని అతడు రాశాడు. తిరుమల ప్రతిమలో ఆ మచ్చలూ లేవు, ఆ స్థూలత్వమూ లేదు. శిల్పి ఉన్న మనిషిని ఉన్నట్లుగా మలచలేదు. శిల్పశాస్త్రం చెప్పే సన్నని నడుము, విశాలమైన భుజాలు గల ఉత్తమపురుషుని తీర్చి, దానికి రాయల కుళ్లాయి తొడిగాడు. నేడు ప్రభుత్వ కార్యాలయాలలో కనిపించే నాయకుల చిత్రపటాలలో కూడా ముడతలు కనిపించవు కదా. అందుచేత ఈ ప్రతిమను రాయల ఛాయాచిత్రంగా భావించేవారు పేస్ రాతను పక్కన పెట్టుకొని చూడటం మంచిది.

యుద్ధానికీ యాత్రకూ నడుమ

రాయలు 1509లో సింహాసనమెక్కాడు, 1529 వరకు ఏలాడు. శాసనాలను బట్టి ఆయన తిరుమలను ఏడుసార్లు దర్శించినట్లు పండితులు లెక్కగట్టారు. ఈ యాత్రల తేదీలను ఆయన యుద్ధాల తేదీల పక్కన పెట్టి చూస్తే ప్రతిమల అర్థం బోధపడుతుంది.

మొదటి యాత్ర 1513 ఫిబ్రవరి 10న జరిగింది. దేవేరులిద్దరూ వెంట ఉన్నారు. రాజు నవరత్న కిరీటాన్నీ, కర్పూర హారతికై 25 వెండి పళ్లాలనూ సమర్పించాడు. రాణులు స్వామికి పాలు ఆరగింపు పెట్టడానికి బంగారు గిన్నెలు ఇచ్చారు. ఆ ఏడాదే మే, జూన్ నెలలలో మళ్లీ వచ్చాడు. అప్పటికి ఉదయగిరి దండయాత్ర సాగుతున్నది. నేటి నెల్లూరు జిల్లాలోని ఆ కొండకోట అప్పుడు కళింగ గజపతి ప్రతాపరుద్రుని అధీనంలో ఉండేది. 1514 జూన్‌లో కోట లొంగింది. జూలై 6న రాయలు తిరుమలలో ఉన్నాడు. 30,000 వరహాలతో స్వామికి కనకాభిషేకం చేసి, అన్నమాచార్యుని స్వగ్రామమైన తాళ్లపాకను నైవేద్యాలకై దానమిచ్చాడు. 1515లో కొండవీడు పట్టుబడింది. 1516 వసంతానికి సేన సింహాచలం చేరింది. ఆ దండయాత్ర ముగిశాక 1517 జనవరి 2న రాయలు మళ్లీ తిరుమలకు వచ్చి, ఆనందనిలయ విమానానికి బంగారు పూత కోసం 30,000 వరహాలు ఇచ్చాడు. ఆలయ చరిత్రకారులు ప్రతిమల స్థాపనను ఈ యాత్రతోనే ముడిపెడతారు.

అంటే ఇవి విజయోత్సవ ప్రతిమలు. యుద్ధం గెలిచిన రాజు సాధారణంగా తన బొమ్మను ఎలా చేయించుకుంటాడు? గుర్రంపై, చేత కత్తితో, కాలికింద శత్రువుతో. ఈ రాజు మూడేళ్ల యుద్ధం గెలిచి వచ్చి, కత్తి లేకుండా, భార్యలతో కలిసి, వాకిట నిలిచిన యాత్రికునిగా తన ప్రతిమను చేయించుకున్నాడు. రాణులు ఇద్దరూ పక్కన ఉండటం కూడా యాదృచ్ఛికం కాదు. 1513 నాటి కానుకల శాసనాలలో వారి పేర్లు విడిగా ఉన్నాయి. ఎవరి కానుక వారిది, ఎవరి పుణ్యం వారిది.

ఆ శాసనాలలో మరొక విశేషం ఉన్నది. ఒకే దానాన్ని తెలుగులో, కన్నడంలో, తమిళంలో వేరువేరుగా చెక్కించారు. ఒక భాష చాలదా అన్న సందేహం ఆనాటివారికి రాలేదు. కొండకు వచ్చేవారు ఏ దిక్కునుంచి వస్తారో, వారికి ఏ లిపి తెలుసో ఆలోచించి రాయించారు. హోసూరు సంతలోనో, బళ్లారి బస్‌స్టాండులోనో, పర్లాకిమిడి బజారులోనో నామఫలకంపై ఏ భాష పైన ఉండాలి, ఏది కింద ఉండాలి అని తగవు పడే ఈ కాలంవారికి ఆ ఏర్పాటు కాస్త వింతగా తోచవచ్చు.

వాకిలి ఎందుకు?

రాజులు గుడిలో తమ ప్రతిమలు పెట్టించడం రాయలతో మొదలు కాలేదు. మహాబలిపురంలోని ఆదివరాహ గుహలో పల్లవరాజులు తమ రాణులతో సహా శిల్పాలలో కనిపిస్తారు. అయితే తిరుమలకు సొంతమైన సంప్రదాయం ఒకటి ఉన్నది. గర్భాలయం గడపను కులశేఖరపడి అంటారు. కేరళ ప్రాంతాన్ని ఏలిన రాజుగా ప్రసిద్ధుడైన కులశేఖరాళ్వారు, రాజ్యభోగం వద్దు, ఈ కొండపై నీ వాకిట మెట్టునై పడి ఉంటే చాలు అని స్వామిని వేడుకున్నాడు. అందుకే గడపకు ఆయన పేరు వచ్చింది. ఆళ్వార్ల పాశురాలు తెలిసిన రాయలకు, గోదాదేవి కథను కావ్యంగా రాసిన రాయలకు, ఈ సంగతి తెలియకుండా ఉండదు. గడపగా మారిన రాజు లోపల ఉండగా, తాను వెలుపలి వాకిట నిలిచాడు.

ఆ తరువాత అది ఆనవాయితీ అయింది. రాయల తమ్ముడు అచ్యుతదేవరాయలు, దేవేరి వరదాజి అమ్మ రాతి రూపాలలో ఎదుటి పక్కన నిలిచారు. చంద్రగిరి నుంచి ఏలిన వేంకటపతిరాయల రాగి ప్రతిమ కూడా అక్కడే ఉన్నది. ఇంకా లోపల తిరుమలరాయ మంటపంలో తోడరమల్లు, అతని కుటుంబ స్త్రీల ప్రతిమలు ఉన్నాయి. ఈయన అక్బరు కొలువులోని తోడరమల్లు కాడు, తరువాతి కాలంవాడు. ఉత్తరాది కుటుంబానికి చెందిన అతడు కూడా ఈ రాజుల పక్కనే చేతులు జోడించి నిలిచాడు. వంశాలు మారాయి, భాషలు మారాయి, నిలిచే భంగిమ మారలేదు.

నాటిన కంబం, నిలవని హద్దు

తిరుమలలో వినయంగా నిలిచిన ఈ రాజు మరోచోట మరోవిధంగా తన గుర్తును నిలిపాడు. ఆ కథ చెప్పకుండా ఊరుకుంటే చిత్రం సగమే అవుతుంది.

సింహాచల ఆలయంలో శకవర్షం 1438 చైత్రమాసపు తెలుగు శాసనం ఒకటి ఉన్నది. అది 1516 మార్చి నాటిది. రాయలు దండయాత్రలో అక్కడికి వచ్చి నృసింహస్వామిని దర్శించి, 991 ముత్యాల హారాన్నీ మరికొన్ని నగలనూ సమర్పించినట్లు అది చెబుతుంది. ఆ సమీపంలోని పొట్నూరులో ఆయన జయస్తంభం నాటించాడు. ఈ విజయాన్ని వందల మైళ్ల దూరంలోని చిదంబరంలో కూడా రాతిమీద రాశారు. సింహాద్రి, పొట్నూరు విజయం తరువాత నటరాజస్వామి ఆలయపు ఉత్తర గోపురాన్ని రాయలు ఎత్తించినట్లు అక్కడి శాసనం చెబుతుంది. ఆ గోపురపు గూటిలో ఆయన శిల్పం కూడా ఉన్నది. అక్కడా అదే కుళ్లాయి, అదే నమస్కారం. తిరువణ్ణామలైలోని పదకొండు అంతస్తుల రాజగోపురం ఆయన హయాంలో మొదలై, తంజావూరు నాయకుడు సేవప్ప కాలంలో పూర్తయింది. దాని ఎత్తు 217 అడుగులు. ఉత్తరాన గెలిచిన కబురును దక్షిణాన గోపురాల రూపంలో చాటారన్న మాట.

మరి జయస్తంభం నాటిన నేల ఏమయింది? కొద్దికాలానికి రాయలకూ గజపతికీ సంధి కుదిరింది. ప్రతాపరుద్రుని కుమార్తెను రాయలు పెళ్లాడాడు. కృష్ణానదికి ఉత్తరాన గెలుచుకున్న భూములను గజపతికి తిరిగి ఇచ్చివేశాడు. కంబం నాటిన చోటు మళ్లీ పరరాజ్యం అయింది. జయస్తంభం హద్దును నిలబెట్టలేకపోయింది. సింహాచల స్వామికి ఇచ్చిన ముత్యాల లెక్క మాత్రం రాతిమీద నిలిచింది. ఒడిశా వైపు తెలుగువారికి ఇందులో ఇంకొక కోణం కూడా తెలుసు. ఉదయగిరి నుంచి రాయలు తీసుకుపోయిన బాలకృష్ణ విగ్రహం ఉత్కళుల దృష్టిలో కోల్పోయిన దేవుడు. విజయనగరంలో ఆ విగ్రహం కోసం కట్టిన కృష్ణాలయంలో 1515లో దానిని ప్రతిష్ఠించారు. నేడు ఆ ఆలయం హంపిలో దేవుడు లేక ఉన్నది. శిథిలమైన విగ్రహం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. గెలిచినవారికీ, ఓడినవారికీ ఇద్దరికీ దక్కలేదు.

ఎవరి రాజు?

రాయల వంశం తుళువ వంశం; మూలం పడమటి కోస్తాలోని తుళునాడు. తల్లి నాగలాదేవి పేరిట వెలసిన నాగలాపురం నేటి తిరుపతి జిల్లాలో ఉన్నది. తిరుమలదేవి శ్రీరంగపట్టణపు ప్రభువు కుమార్తె అని పరంపరగా చెబుతారు. బిరుదులలో కన్నడ రాజ్యరమారమణుడు అన్నది ఒకటి, ఆంధ్రభోజుడు అన్నది మరొకటి. ఆయన పేరిట జాంబవతీ కల్యాణమనే సంస్కృత నాటకం ఉన్నది. కన్నడంలో కర్ణాట కృష్ణరాయ భారత కథామంజరి ఆయన పేరునే మోస్తున్నది. ఆయన స్వయంగా రాసిన ఆముక్తమాల్యద తెలుగు కావ్యం, అందులో కథ తమిళదేశపు శ్రీవిల్లిపుత్తూరులోనిది, అంకితం పుచ్చుకున్నది తిరుమల వేంకటేశ్వరుడు.

ఆ కావ్యావతారికలోని కల సరిహద్దు ప్రజలు ప్రత్యేకంగా చదవదగినది. కళింగ దండయాత్రలో కృష్ణాతీరపు శ్రీకాకుళంలో బస చేసినపుడు ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని రాయలు రాశాడు. అక్కడ దేవుడు తనను తెలుగు రాజునని చెప్పుకుంటూ, ఎదుటనున్న రాయలను కన్నడ రాజుగా సంబోధిస్తాడు. ఈ సంబోధనను రాసినవాడు రాయలే. తనను ఇతరులు కన్నడ రాజంటే ఆయనకు అభ్యంతరం లేదు. తెలుగులో రాయడానికి అది అడ్డూ కాలేదు.

నాలుగు శతాబ్దాల తరువాత అభ్యంతరాలు మొదలయ్యాయి. హంపి ఉన్న హోస్పేట తాలూకా 1953 వరకు మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్లారి, హోస్పేట సహా మిగిలినవి మైసూరుకు పోయాయి. ఆ విధంగా రాయల రాజధాని కన్నడ రాష్ట్రంలోకి చేరింది. 1960లో తిరుత్తణి మద్రాసుకు వెళ్లింది. తిరుపతి ఆంధ్రలోనే నిలిచింది. ఆ గీతలు గీసినపుడు ఒకే ఇంటి అన్నదమ్ముల పొలాలు రెండు రాష్ట్రాలలో పడిన కుటుంబాలు ఉన్నాయి. రాయల వారసత్వం కూడా అలాగే పంచబడింది.

పంపకం తరువాత ఎవరి వాటాను వారు పెంచుకున్నారు. అనంతపురంలో 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వెలసింది. 2010లో బళ్లారిలో విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వెలసింది. అదే 2010లో పట్టాభిషేక పంచశతాబ్ది ఉత్సవాలను రెండు రాష్ట్రాలూ వేరువేరుగా జరుపుకున్నాయి. వెండితెర సంగతి చెప్పనే అక్కరలేదు. 1956లో తెనాలి రామకృష్ణుని కథ తెలుగు, తమిళ భాషలలో రెండింటిలోనూ ఎన్.టి. రామారావు రాయలుగా కనిపించాడు; 1962లో మహామంత్రి తిమ్మరుసులోనూ ఆయనే. 1970లో కన్నడ చిత్రంలో రాజ్‌కుమార్ రాయలయ్యాడు. కోలారు, బళ్లారి ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఈ రెండు ముఖాలూ రాయలవే.

హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై 1986లో నెలకొల్పిన తెలుగు ప్రముఖుల విగ్రహాలలో రాయలకూ స్థానం దక్కింది. హంపి ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరినదీ ఆ ఏడాదే. ఆ వరుసలోని విగ్రహాలు జాతి కీర్తిని చాటడానికి పుట్టినవి, ఎత్తైన దిమ్మెపై నిలిచినవి. వాటిని చూసేవాడు తలెత్తి చూడాలి. 2011 మార్చి 10న ప్రత్యేక తెలంగాణ ఉద్యమ సందర్భంలో ఆ వరుసలోని పలు విగ్రహాలు ధ్వంసమయ్యాయి. ఏ విగ్రహం ఎవరిది అన్న ప్రశ్న వీధికెక్కినపుడు దిమ్మె ఎంత ఎత్తుగా ఉన్నా రక్షణ కాలేదు. తిరుమల ప్రతిమకు దిమ్మె లేదు, దానిని ఒక జాతి ప్రతినిధిగా ఎవరూ నిలపలేదు. అందుచేతనే కాబోలు, రాజ్యం పోయి, వంశం పోయి, మహంతుల కాలం వచ్చి పోయినా దాని జోలికి ఎవరూ పోలేదు.

రాయి కూలినప్పుడు

పంచశతాబ్ది ఉత్సవాల సంవత్సరంలోనే మరొక సంఘటన జరిగింది. శ్రీకాళహస్తిలో 1516లో రాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. అది ఆలయానికి ఆనుకొని కాక విడిగా, వీధి మొగదలలో నిలిచిన గోపురం. గోడలలో పగుళ్లు అప్పటికే ప్రజలకు తెలిసినవే. ఒకవైపు రాజుగారి పేరిట వేదికలూ ఊరేగింపులూ, మరొకవైపు ఆయన కట్టించిన గోపురం మట్టిదిబ్బ. కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. చూడటానికి పాతదానిలాగే ఉంటుంది. రాతిమీద ఉలిదెబ్బ మాత్రం కొత్తది.

పెద్ద గోపురానికే ఈ గతి పట్టినపుడు, ఊరి చివర పొలంగట్టున నిలిచిన చిన్న శాసనపు రాయిని ఎవరు పట్టించుకుంటారు? తిరుమల ప్రతిమ ఎవరిదో ఐదు వందల ఏళ్ల తరువాత తెలుస్తున్నదంటే దానిపై పేరు ఉండటమే కారణం. అదే పేరు, అదే కాలపు లిపిలో, కడప, చిత్తూరు, కోలారు, బళ్లారి, కృష్ణగిరి ప్రాంతాల ఊళ్లలో రాళ్లమీద ఉన్నది. రాజుకు సంబంధించి ఊరి ప్రజల చేతిలో ఉన్న స్మారకం ఆ రాయే. ఒక చెరువుకు, ఒక గుడి దీపానికి, ఒక అగ్రహారానికి ఏ భూమి ఇచ్చారో, ఆ భూమి హద్దులు ఏ గుట్టనుంచి ఏ వాగు వరకో అందులో ఉంటాయి. రాష్ట్రాల గీతలకు చాలాముందే ఆ ఊరి హద్దులు ఎక్కడున్నాయో చెప్పే సాక్ష్యం అది.

అటువంటి రాయిని గుర్తుపట్టడం కష్టం కాదు. పైభాగాన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉంటారు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం దానం చెల్లాలన్నది దాని భావం. మొదటి పంక్తులలో శాలివాహన శకవర్షం సంఖ్య, సంవత్సరం పేరు, మాసం, తిథి వస్తాయి. తరువాత బిరుదుల వరుస. అందులో మూరురాయరగండ అన్న కన్నడ బిరుదు తెలుగు శాసనాలలోనూ కనిపిస్తుంది. దాని చివర శ్రీకృష్ణదేవ మహారాయలు అన్న పేరు ఉంటే ఆ రాయి ఈ రాజు కాలానిదే. ముగింపులో దానాన్ని చెరిపినవారికి గంగాతీరాన గోవును చంపిన పాపం కలుగుతుందన్న శాపం ఉంటుంది. శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. పుష్యం, మాఘం వంటి చివరి మాసాలైతే 79 కలపవలసి రావచ్చు. సింహాచలంలో రాయలు ముత్యాలు ఇచ్చిన చైత్రమూ, తిరుమలలో విమానానికి బంగారం ఇచ్చిన పుష్యమూ ఒకే శకవర్షం 1438లోనివి. మన లెక్కలో మొదటిది 1516, రెండవది 1517.

తిరుమల శాసనాలు ప్రజలకు అందినది కూడా ఇటువంటి ఓపికైన పనివల్లనే. దేవస్థానం తరఫున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గోడలమీది అక్షరాలను ఒక్కొక్కటిగా చదివి, నకళ్లు తీసి, 1930 దశకంలో సంపుటాలుగా వెలువడేలా చేశాడు. తడిపిన కాగితాన్ని రాతిపై అద్ది, బ్రష్షుతో తట్టి, సిరా అద్దితే అక్షరాలు తెల్లగా తేలుతాయి. భారత పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉండి నేటికీ ఈ విధంగానే నకళ్లు సేకరిస్తున్నది.

గుడి బాగుచేయిద్దామన్న సదుద్దేశంతోనే ఊరివారు చేసే కొన్ని పనులు రాతికి ప్రాణాంతకం అవుతున్నాయి. ఏటేటా పూసే సున్నం అక్షరాలను పూడ్చివేస్తుంది. అయినా సున్నాన్ని జాగ్రత్తగా తొలగిస్తే కింద అక్షరం మిగిలి ఉంటుంది. యంత్రంతో ఇసుకను వేగంగా కొట్టి రాయిని కడిగితే అక్షరం మరి తిరిగి రాదు. నూనె రంగులు, సిమెంటు పూత, ప్రహరీ గోడకు పునాదిరాయిగా వాడటం కూడా అటువంటివే. రాయిని కదిలించే ముందు దానిని మంచి వెలుతురులో, సూర్యోదయపు ఏటవాలు ఎండలో ఫోటో తీసి, జిల్లాలోని పురావస్తు శాఖ కార్యాలయానికో, దగ్గరి విశ్వవిద్యాలయపు చరిత్ర విభాగానికో చూపితే చాలు. ఏ రాష్ట్రంలో ఉన్న ఊరైనా సరే. లిపి తెలుగైనా, కన్నడమైనా ఆ కాలంలో రెండూ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. కన్నడ బడిలో చదివిన పిల్లవాడూ, తెలుగు బడిలో చదివిన పిల్లవాడూ కలిసి కూర్చుంటే కొన్ని అక్షరాలనైనా కూడబలుక్కోగలరు.